కొత్తవారి తొలి ప్రశ్న: బెంగళూరులో మా తెలుగు బృందం నిలబడిన తీరు, నా అనుభవం

బెంగళూరులో పెరిగే తెలుగు పిల్లల్లో చాలామందికి బడిలో తెలుగు అక్షరం కంటపడదు. 2015లో కర్ణాటక తెచ్చుకున్న కన్నడ భాషా అభ్యసన చట్టం ప్రకారం బడుల్లో కన్నడాన్ని మొదటి భాషగానో రెండో భాషగానో నేర్పాలి. మిగిలిన చోటు చాలా బడుల్లో ఇంగ్లీషుకూ హిందీకీ సరిపోతుంది. ఉన్న ఊరి భాషను పిల్లలు నేర్చుకోవడం న్యాయమే, మా ఇంట్లో పిల్లలిద్దరూ కన్నడం చక్కగా చదువుతారు, రాస్తారు. అయితే ఇంట్లో గలగలా తెలుగు మాట్లాడే పిల్లలు సెలవులకు అనంతపురమో గుంటూరో వెళ్లినప్పుడు బస్సు మీది ఊరి పేరు చదవలేక అమ్మమ్మను అడగవలసి రావడం మాబోటి తల్లిదండ్రులకు బాధగా ఉండేది. ఆ బాధతోనే 2019లో మహదేవపుర వైపు ఉండే కొందరం కలిసి, పిల్లలకు ఇంట్లోనే తెలుగు చదవడం, రాయడం నేర్పుకోవడంలో ఒకరికొకరు సాయపడేందుకు ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నాం. ఆ బృందం ఇప్పటికీ నడుస్తోంది. నేను పక్కకు తప్పుకున్న తర్వాత కూడా నడుస్తోంది. ఇలాంటి బృందాలు పుట్టినంత తేలికగా బతకవు కనుక, మాది ఎలా బతికిందో, మా చేతుల్లోనే పుట్టిన మరొకటి ఎందుకు బతకలేదో వివరంగా రాయాలనిపించింది.

మొదట్లో మాకు కలిసివచ్చిన సంగతి ఒకటుంది. తెలుగు, కన్నడ లిపులు ఒకే పాత లిపి నుంచి విడివడినవి కనుక, కన్నడం చదవగలిగిన పిల్లలకు తెలుగు అక్షరాల్లో చాలా భాగం చూడగానే పట్టుబడతాయి. చిక్కంతా కొద్ది చోట్లే వస్తుంది: తెలుగులో టిక్కు గుర్తులా నిలబడే తలకట్టు కన్నడంలో అడ్డగీతలా సాగుతుంది, క, త వంటి అక్షరాల రూపాలు రెండింటిలో బాగా వేరుపడ్డాయి. "మా అమ్మాయి త రాయమంటే కన్నడ తకారమే రాస్తోంది, ఏం చేయమంటారు?" అని ఒకరు అడిగితే, అదే చిక్కును కొన్ని వారాల కిందట దాటిన మరో తల్లి తానేం చేసిందో నోటుపుస్తకం ఫొటోతో సహా చెప్పేది. మా బృందానికి ప్రాణం పోసింది ఆ జవాబులే. మాలో ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయురాలు ఉండేవారు, ఆవిడను అందరం పంతులమ్మగారు అనేవాళ్లం. ఆవిడ జవాబు ఎప్పుడూ సంపూర్ణంగా ఉండేది, అంత సంపూర్ణంగా ఉండటం వల్లనే ఆ తర్వాత ఇంకెవరూ మాట కలిపేవారు కాదు. ఆ సంగతి మాకంటే ముందు ఆవిడే కనిపెట్టి, "పగలంతా మీరు చెప్పుకోండమ్మా, ఇంకా ఏమైనా మిగిలితే రాత్రికి నేను చెబుతాను" అన్నారు. తెలిసినవారు కావాలని వెనక్కి తగ్గి, నిన్న నేర్చుకున్నవారికి చోటివ్వడం ఒక బృందానికి ఎంత అవసరమో నాకు అక్కడే మొదటిసారి అర్థమైంది.

పిల్లల చదువు చుట్టూ అల్లుకున్న బృందానికి పుట్టుకతోనే ఒక గడువు ఉంటుంది. పిల్లవాడికి ఒత్తులు, గుణింతాలు వచ్చి, చందమామ కథ లాంటిదేదో తడబడకుండా చదవగలిగే రోజు రాగానే ఆ తల్లికి బృందంతో పని తీరిపోతుంది. అంటే మా ప్రయత్నం ఎంత బాగా సాగితే మా సభ్యులు అంత త్వరగా వెళ్లిపోతారు. తోటపనికో పాత పాటలకో పెట్టుకున్న బృందంలో పాతికేళ్ల పాటు అవే ముఖాలు ఉండవచ్చు. మాకు అది కుదరదు. వెళ్లేవారి స్థానంలో వచ్చేవారు కుదురుకోకపోతే మూడు నాలుగేళ్లలో మిగిలేది ఖాళీ గ్రూపే. ఈ కారణం వల్ల, మిగతా బృందాలు ఎప్పటికో గానీ ఎదుర్కోని ప్రశ్న మాకు తొలి ఏడాదిలోనే ఎదురైంది: కొత్తగా వచ్చిన వ్యక్తి నోరు తెరిచి మొదటి ప్రశ్న అడిగినప్పుడు ఏం జరుగుతుంది?

ఈ ప్రశ్నకు జవాబు రెండో గ్రూపు చెప్పింది. అప్పట్లో వాట్సాప్ ఒక గ్రూపులో 256 మందిని మించి చేరనిచ్చేది కాదు; 2022లో గానీ ఆ పరిమితి 1024కు పెరగలేదు. 2020లో బడులు మూతపడి పిల్లలంతా ఇళ్లలో ఉన్న రోజుల్లో మా గ్రూపు నిండిపోయింది, చేరతామని అడిగేవారు ఇంకా వస్తూనే ఉన్నారు. దాంతో రెండో గ్రూపు తెరిచాం. అడ్మిన్లు వాళ్లే, నియమాలు అవే, వారం వారం పెట్టే పాఠం కూడా అదే. చేరినవారి ఉత్సాహంలోనూ తేడా లేదు. అయినా అది కొద్ది నెలల్లోనే మూగబోయింది. కారణం వెతుకుతూ రెండు గ్రూపుల పాత సంభాషణలను పక్కపక్కన పెట్టుకుని చదివినప్పుడు తేడా స్పష్టంగా కనిపించింది. మొదటి గ్రూపులో ఎవరైనా ప్రశ్న అడిగితే బదులిచ్చేవారు రోజుకొకరు. రెండో గ్రూపులో ఏ ప్రశ్నకైనా బదులిచ్చింది అడ్మిన్లమైన మేమే. అక్కడున్నవారంతా ఒకేసారి చేరినవారు, అందరూ అడిగేవారే; ఒక మెట్టు పైనున్న మనిషి అక్కడ లేడు. మేం ఆఫీసు పనిలో మునిగిపోయిన రోజున ప్రశ్న అలాగే ఉండిపోయేది, దాని కింద ఎవరో పంపిన శుభోదయం పూలబొమ్మ వచ్చి చేరేది. అలా రెండు మూడు ప్రశ్నలు బదులు లేకుండా పోయాక నాలుగో మనిషి అడగడం మానేసేది. మాటలు లేని చోట ఫార్వర్డులు పెరిగాయి, వాటి ధాటికి తట్టుకోలేక చాలామంది శబ్దం ఆపేశారు, ఆపైన అసలైన ప్రశ్న వచ్చినా చూసే కళ్లు లేవు.

ఈ సంగతి మా ఆఫీసులో ఒక సహోద్యోగితో చెప్పుకున్నాను. ఆయన మంగళూరు వైపు మనిషి, తుళు వికీపీడియాలో రాస్తారు. కొత్త భాషలో వికీపీడియా కావాలని అడగ్గానే ఇవ్వరని, 2006 నుంచి ఇంక్యుబేటర్ అనే చోట ముందు పని మొదలుపెట్టాలని, నెలల తరబడి విడవకుండా రాసే కొద్దిమంది ఉన్నారని తేలాకే సొంత వికీపీడియా తెరుస్తారని ఆయన చెప్పారు. తుళు ఏళ్ల తరబడి ఆ ఇంక్యుబేటర్‌లో ఉండి, 2016 ఆగస్టులో గానీ బయటకు రాలేదు. "అన్నేళ్లు ఎదురుచూడటం కష్టంగానే ఉండింది, కానీ బయటకు వచ్చేనాటికి మాలో ఎవరు ఎప్పుడు ఏ పని చేస్తారో మాకు తెలుసు" అన్నారాయన. ప్రోగ్రామర్లందరికీ పరిచయమైన ప్రశ్నోత్తరాల సైట్లు నడిపే స్టాక్ ఎక్స్‌చేంజ్ వారు కూడా 2010లో కొత్త అంశాలకు ఇలాంటి పద్ధతినే పెట్టారు: ముందుగా తగినంతమంది తాము పాల్గొంటామని మాట ఇవ్వాల్సి ఉండేది, ఆ మాట ఇచ్చినవారికి మాత్రమే మొదట తలుపు తెరుచుకునేది, వారు ప్రశ్నలతో జవాబులతో ఇంటిని సిద్ధం చేశాక అందరినీ పిలిచేవారు. మేం రెండో గ్రూపును మూసివేసి, అందులో ఇంకా ఆసక్తి ఉన్నవారిని, మొదటి గ్రూపులో ఖాళీ అయ్యేకొద్దీ, విడతలు విడతలుగా తీసుకున్నాం. ఒక విడతలో చేరినవారికి కాస్త చేయి తిరిగాకే తర్వాతి విడత. నిరీక్షించడం ఇష్టంలేక వెళ్లిపోయినవారు ఉన్నారు. అయినా ఆ నెమ్మదితనమే మమ్మల్ని నిలబెట్టిందని నా గట్టి నమ్మకం. సభ్యుల సంఖ్యను చూసి సంబరపడే అలవాటు ఇలాంటి పనుల్లో చాలా హాని చేస్తుంది.

ఇంతకంటే పెద్ద పరీక్ష మాట తీరు విషయంలో వచ్చింది. బెంగళూరు తెలుగువారంటే ఉద్యోగాలకు ఆంధ్ర, తెలంగాణల నుంచి వచ్చినవారు మాత్రమే అని చాలామంది అనుకుంటారు. తరతరాలుగా ఇక్కడే ఉన్న తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి; కోలారు, ముళబాగిలు, బాగేపల్లి వైపు నుంచి నగరానికి చేరిన తెలుగువారు ఇంకా ఎందరో. వాళ్లకు ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. వాళ్ల తెలుగుకు తనదైన పలుకుబడి ఉంది. కె.ఆర్. పురంలో ఉండే అలాంటి ఒక చెల్లెలు చేరిన కొత్తలో, "మావాడు గుణింతం దగ్గరే నిలిచిపోయినాడు, ఎట్ల చెప్పేది?" అని అడిగింది. ఆమె అడిగినదానికి జవాబు రాకముందే ఒక పెద్దమనిషి ఆమె వాక్యాన్ని దిద్ది పెట్టి, నేర్పేవారి తెలుగు ముందు శుభ్రపడాలని రాశారు. ఆయన ఉద్దేశం చెడ్డది కాదు, శ్రద్ధతోనే రాశారు. ఆమె ఏమీ అనలేదు. మర్నాటికి గ్రూపులో లేదు. నేను ఫోన్ చేస్తే, "మాకే రాని తెలుగు పిల్లోడికేం చెప్తామక్కా, కన్నడం చాల్లే అనిపించింది" అంది. ఆ మాట విని నాకు కడుపులో దేవినట్టయింది. ఏ ఇంట్లో తెలుగు నాలుగైదు తరాలుగా పరాయి నేల మీద చెక్కుచెదరకుండా నిలిచిందో, ఆ ఇంటివారినే మేం గడపలోంచి వెనక్కి పంపించాం.

మా సభ్యుల్లో ఒకరు ఇక్కడి ఒక పరిశోధన సంస్థలో పనిచేసేవారు. ఈ చర్చ జరుగుతున్నప్పుడు ఆయన ఇంగ్లీషు వికీపీడియా కథ చెప్పారు. అక్కడ చురుగ్గా రాసేవారి సంఖ్య 2007 వరకు వేగంగా పెరిగి, ఆ తర్వాత తగ్గుతూ వచ్చింది. ఆరన్ హాఫేకర్, ఆయన సహచరులు 2013లో ప్రచురించిన అధ్యయనం ఈ తగ్గుదలను పరిశీలించి, పాతవారు వెళ్లిపోవడం కంటే కొత్తవారు నిలవకపోవడమే ముఖ్యమని తేల్చింది. నాణ్యతను కాపాడటానికి పెట్టుకున్న నియమాలు, యంత్రాల్లా పనిచేసే ఉపకరణాలు మంచి మనసుతో వచ్చిన కొత్తవారి రాతలను కూడా తొలగించడం మొదలుపెట్టాయి. తొలి రాతనే తొలగించడం చూసిన మనిషి మళ్లీ రాయడు. అంత పెద్ద వికీపీడియాలో జరిగినదే మా చిన్న గ్రూపులోనూ జరిగిందని అప్పుడు అందరికీ తెలిసివచ్చింది. దాని మీద వాదోపవాదాలు చాలా రోజులు నడిచాయి. ప్రామాణిక భాష నేర్పకపోతే పిల్లలు పుస్తకాలు ఎలా చదువుతారని అడిగినవారి మాటలోనూ బలం ఉంది. చివరికి పంతులమ్మగారు దారి చూపించారు: పాఠంలో పుస్తక భాష ఉంటుంది, సంభాషణలో ఎవరి తెలుగు వారిది, అడగనిదే ఎవరూ ఎవరి మాటా దిద్దకూడదు. మా నియమాల్లో మొదటిది ఈనాటికీ ఇదే. శ్రీకాకుళం యాస, కరీంనగర్ యాస, హిందూపురం యాస పక్కపక్కన కనిపించే చోట బాగేపల్లి తల్లికి కూడా నోరు తెరిచే ధైర్యం వస్తుంది.

నియమాలు ఉంటే వాటిని కాపాడేవారు ఉండాలి. ఫార్వర్డులు, రాజకీయాలు, ఆన్‌లైన్ ట్యూషన్ల ప్రకటనలు, రాష్ట్ర విభజన నాటి పాత గాయాలు, ఇవన్నీ ఏ తెలుగు గ్రూపులోనైనా వచ్చేవే. మొదట్లో మాలో కొందరు నియమం దాటినవారిని వెంటనే తీసేయాలని, మరికొందరు చూసీచూడనట్టు పోవాలని అనేవారు. ముళబాగిలు దగ్గరి పల్లె నుంచి వచ్చిన ఒక సభ్యుడు తమ ఊరి చెరువు సంగతి చెప్పాడు. అక్కడ చెరువు తూము తెరిచి మడి మడికీ వంతు ప్రకారం నీళ్లు పెట్టడానికి నీరుగంటి ఉండేవాడు. నీళ్లు ఆయనవి కావు, పొలం కూడా ఆయనది కాదు. ఊరు ఒప్పుకున్న వంతును అమలు చేయడమే ఆయన పని, ఆ పనికి రైతులు గింజలు కొలిచి ఇచ్చేవారు. ఎవరైనా రాత్రిపూట గండి కొట్టి నీళ్లు మళ్లిస్తే నీరుగంటి ముందు ఇంటికి వెళ్లి చెప్పేవాడు, వినకపోతే రచ్చబండ దగ్గర నలుగురిలో పెట్టేవాడు, అప్పటికీ వినకపోతే ఊరు జరిమానా వేసేది. "అడ్మిన్ అంటే గ్రూపుకు యజమాని అనుకోవద్దు, నీరుగంటి అనుకోండి" అన్నాడతను.

ఆ తర్వాత చదివితే తెలిసింది, అతను చెప్పినది పెద్ద పరిశోధనలు నిర్ధారించిన విషయమే. ఉమ్మడి ఆస్తులను జనం తామే శతాబ్దాల పాటు ఎలా కాపాడుకున్నారో పరిశీలించి 2009లో అర్థశాస్త్రంలో నోబెల్ అందుకున్న ఎలినార్ ఆస్ట్రోమ్, దీర్ఘకాలం నిలిచిన వ్యవస్థలన్నిటిలో కొన్ని లక్షణాలు కనిపిస్తాయని 1990లో చూపించారు: ఎవరు లోపలివారో ఎవరు బయటివారో తెలిసే హద్దు ఉంటుంది, నియమాల వల్ల ప్రభావితమయ్యేవారికి వాటిని మార్చే హక్కు ఉంటుంది, కాపలా కాసేవారు జనానికి జవాబుదారీగా ఉంటారు, శిక్ష చిన్నదానితో మొదలై మెల్లగా పెరుగుతుంది, తగాదాలు తీర్చుకునే చోటు దగ్గరలోనే, ఖర్చు లేకుండా ఉంటుంది. కర్నూలు జిల్లాలో కాలువ కింది పల్లెలు తామే మనుషులను పెట్టుకుని నీళ్లు పంచుకునే తీరు గురించి పరిశోధకుడు రాబర్ట్ వేడ్ 1988లో ప్రచురించిన పరిశీలనను కూడా ఆమె తన వాదానికి ఆధారంగా తీసుకున్నారు. మా పద్ధతి దీనికి దగ్గరగానే కుదిరింది. మొదటిసారి నియమం దాటితే అడ్మిన్ విడిగా, మర్యాదగా ఒక మెసేజ్ పెడతారు; రెండోసారి అయితే గ్రూపులోనే చెబుతారు; మూడోసారి కొన్నాళ్లు మాట్లాడే అవకాశం ఆగుతుంది; తీసేయడం ఆఖరు, అదీ ముగ్గురు అడ్మిన్లు ఒప్పుకుంటేనే. మొదటి మెట్టు దగ్గరే దాదాపు అన్ని వ్యవహారాలు తీరిపోతాయి, ఎందుకంటే చాలామంది నియమం తెలియక దాటుతారు. ఆ చెల్లెలి వాక్యాన్ని దిద్దిన పెద్దమనిషితో కూడా ఇలాగే విడిగా మాట్లాడాం. ఆయన ఆ తర్వాత ఎందరో పిల్లలకు తన గొంతుతో పద్యాలు చదివి రికార్డు చేసి పంపించారు.

జ్ఞాపకం సంగతి కూడా కొత్తవారి తొలి ప్రశ్నతో ముడిపడినదే. మేం మొదలుపెట్టిన కాలంలో వాట్సాప్ గ్రూపులో కొత్తగా చేరినవారికి అంతకుముందు జరిగిన సంభాషణ ఏదీ కనిపించేది కాదు. దాంతో తకారం ప్రశ్న ప్రతి విడతలోనూ మళ్లీ వచ్చేది. మొదటి పదిసార్లు ఓపిగ్గా చెప్పినవారే ఆ తర్వాత విసుక్కోవడం మొదలుపెట్టారు, ఆ విసుగు కొత్తవారికి తెలియకుండా ఉండదు. ప్రశ్నలు, జవాబులు, నోటుపుస్తకాల ఫొటోలు, పద్యాల రికార్డులు ఒక చోట భద్రంగా ఉండాలని అందరికీ అనిపించింది. ఎక్కడ పెట్టాలన్నదే చర్చ. ఎవరో ఒక పెద్ద కంపెనీ ఉచితంగా ఇచ్చే చోట పెడదామంటే, మాలో వయసులో పెద్దవారు ఒప్పుకోలేదు, వాళ్లకు అనుభవం ఉంది. మనదేశంలో ఒకప్పుడు ఇంటింటా వినిపించిన ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30న మూతపడింది. రచ్చబండ వంటి తెలుగు సాహిత్య చర్చాబృందాలకు ఏళ్లపాటు నీడనిచ్చిన యాహూ గ్రూప్స్ 2019 డిసెంబరులో పాత సంభాషణలను తొలగించి, 2020 డిసెంబరులో పూర్తిగా ఆగిపోయింది. ఇంటి యజమాని పొమ్మంటే సామాను సర్దుకోవడానికైనా వ్యవధి ఉండాలి కదా అని ఒకాయన అన్నారు.

అందుచేత 2013 నుంచి అందుబాటులో ఉన్న డిస్కోర్స్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌తో, మా పేరు మీద తీసుకున్న చిరునామాలో ఒక చర్చావేదికను పెట్టుకున్నాం. దాని బ్యాకప్ ప్రతి నెలా ముగ్గురి కంప్యూటర్లలో వేర్వేరుగా దాచుకుంటాం. డొమైన్‌కూ సర్వర్‌కూ అయ్యే ఖర్చు ఏటా ఇష్టమున్నవారు పంచుకుంటారు, లెక్క అందరికీ కనిపిస్తుంది. డబ్బు గురించి ఇంతకంటే చెప్పవలసినది లేదు. వాట్సాప్‌ను మాత్రం వదల్లేదు. ఫోన్‌లో ఇప్పటికే ఉన్నదాన్ని తెరవడం తేలిక కనుక కొత్తవారికి గుమ్మం అక్కడే ఉంచాం. అడిగిన ప్రశ్నకు వేదికలో ఇదివరకే జవాబు ఉంటే ఆ లింకుతో పాటు రెండు సొంత మాటలు కూడా కలిపి ఇవ్వాలని పద్ధతి పెట్టుకున్నాం. వట్టి లింకు విసిరేస్తే "ఇదంతా ఎప్పుడో అయిపోయింది, నువ్వు ఆలస్యంగా వచ్చావు" అని చెప్పినట్టే ఉంటుంది.

మాట్లాడనివారి గురించి కూడా చెప్పాలి. ఏ ఆన్‌లైన్ బృందంలోనైనా నూటికి తొంభైమంది చదివేవారే ఉంటారని, తొమ్మిదిమంది అప్పుడప్పుడు, ఒక్కరు ఎక్కువగా రాస్తారని వెబ్ వాడకం మీద పరిశోధించే జేకబ్ నీల్సన్ 2006లో రాసిన అంచనా అందరూ చెబుతూ ఉంటారు. మాలో కొందరికి ఆ మౌనం కోపం తెప్పించేది. ఆర్నెల్లుగా ఒక్క మాట మాట్లాడనివారిని తీసేద్దామన్న ప్రతిపాదన ఒకటికి రెండుసార్లు వచ్చింది. నేను గట్టిగా వ్యతిరేకించాను. రాత్రి పిల్లలు పడుకున్నాక, మారతహళ్లి ట్రాఫిక్ దాటి ఇంటికి చేరిన అలసటలో, ఒక తల్లి పది నిమిషాలు చదివి, మర్నాడు పిల్లవాడితో పలక మీద అదే చేయిస్తే మా పని నెరవేరినట్టే. డిస్కోర్స్‌లో నాకు నచ్చినది కూడా ఇదే: సభ్యుడి మీద నమ్మకాన్ని మెట్లు మెట్లుగా పెంచేటప్పుడు అది చదవడాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటుంది, కొన్ని చర్చలు తెరిచి కాసేపు చదివినవారిని మొదటి మెట్టు ఎక్కిస్తుంది. చాలాకాలం మౌనంగా చదివినవారు ఒకరోజు నోరు విప్పినప్పుడు వారి మొదటి మాటే ఇతరులకు జవాబు అవుతుంది. పద్ధతులన్నీ అప్పటికే వారికి తెలుసు.

కబ్బన్ పార్కులో అప్పుడప్పుడు ఆదివారం ఉదయం కలుస్తాం. పిల్లలు ఒకరికొకరు తెలుగు కథలు చదివి వినిపిస్తారు, పెద్దలు ఇంటి నుంచి తెచ్చిన పులిహోర పంచుకుంటారు. ముఖం చూసి మాట్లాడిన మనిషితో మళ్లీ తెరమీద కటువుగా మాట్లాడటం కష్టం కనుక ఈ కలయికల తర్వాత కొన్ని వారాలు అడ్మిన్లకు పని తగ్గుతుంది. అయితే దూరాన ఉండేవారు, చంటిపిల్లలున్నవారు, ఆదివారం కూడా షిఫ్టు ఉన్నవారు రాలేరు. కలిసినవారి మధ్య పెరిగే చనువు రానివారిని బయటివారిని చేయకుండా, అక్కడ తీసుకున్న ఏ నిర్ణయాన్నైనా వేదికలో రాసి అందరి అభిప్రాయం వచ్చాకే అమలు చేస్తాం.

మా అబ్బాయి ఏడో తరగతికి వచ్చి, సెలవుల్లో తాతగారి దినపత్రిక తానే అందుకుని చదవడం మొదలుపెట్టాక, నా గడువు కూడా తీరిందని గ్రహించాను. మొదటినుంచి ఉన్న అడ్మిన్లం ఒకేసారి తప్పుకుంటే భారం కొత్తవారి మీద పడుతుంది, అలాగని ఉండిపోతే వాళ్లు ప్రతిదానికీ మా వైపు చూస్తారు. అందుకని అడ్మిన్ బాధ్యతకు రెండేళ్ల కాలపరిమితి పెట్టి, ఏటా సగంమంది మారేలా ఏర్పాటు చేశాం. పాతవారు మరుసటి ఏడాది పక్కన ఉండి, అడిగితేనే సలహా ఇవ్వాలి. డొమైన్ నా పేరు మీద ఉండేది, సర్వర్ తాళాలు ఇంకొకరి దగ్గర ఉండేవి. అవన్నీ ముగ్గురి ఉమ్మడి ఖాతాకు మార్చి, ఏది ఎక్కడుందో ఒక పత్రంలో రాసిపెట్టాం. ఇది ఎంతో విసుగు పుట్టించే పని, వాయిదా వేయాలనిపించే పని. అయినా స్థాపకుడికి జబ్బు చేసినా, ఉద్యోగం మారి వేరే దేశం వెళ్లినా, తాళాలు దొరక్క ఆగిపోయిన బృందాలను చూసిన తర్వాత దీన్ని వాయిదా వేయడానికి మనసొప్పలేదు.

కొత్త అడ్మిన్లు వచ్చిన కొద్దిరోజులకే, మేం పెట్టిన ఒక నియమాన్ని మార్చాలని ప్రతిపాదించారు. సందేశాలన్నీ తెలుగు లిపిలోనే ఉండాలన్నది మా నియమం. తెలుగు టైపింగు రాని తండ్రి మొదటి ప్రశ్న ఇంగ్లీషు అక్షరాల్లోనో, కన్నడ లిపిలోనో, గొంతు రికార్డు చేసో అడిగినా ఫర్వాలేదని, జవాబు మాత్రం తెలుగు లిపిలో ఇవ్వాలని వాళ్లు అన్నారు. తెలుగు చదవడం కోసమే పెట్టుకున్న చోట తెలుగు లిపిని సడలించడం నాకు నచ్చలేదు, ఆ మాట కారణాలతో సహా రాశాను. ఓటింగులో వాళ్ల ప్రతిపాదనే నెగ్గింది. నా సందేహం ఇంకా పూర్తిగా తీరలేదు. కానీ ఇదివరకు మౌనంగా చదువుతూ ఉండిన తండ్రులు కొందరు ఇప్పుడు అడుగుతున్నారన్నది మాత్రం నిజం, వారిలో కొందరు కొన్నాళ్లకే తెలుగులో టైపు చేయడం కూడా మొదలుపెట్టారు.

ఇప్పుడు వాళ్ల ముందున్న విషయం హోసూరు. అక్కడ తెలుగువారు చాలామంది ఉన్నారు, బెంగళూరుకు రోజూ ఉద్యోగానికి వచ్చి వెళ్లేవారు మా బృందం గురించి విని చేరతామంటున్నారు. తమిళనాడులో 2006 నాటి చట్టం ప్రకారం బడిలో తమిళం నేర్చుకునే వారి పిల్లలకు మా కన్నడం దారి పనికిరాదు. తమిళంలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకే అక్షరం కనుక వాళ్లు మొదలుపెట్టవలసిన చోటే వేరు. వెంటనే ఒక హోసూరు గ్రూపు తెరిచి లింకు పంపడం తేలిక. కొత్త అడ్మిన్లు అలా చేయలేదు. ముందుగా అక్కడి కొందరు తల్లిదండ్రులను మా వేదికలోనే ఒక విభాగం ఇచ్చి కూర్చోబెట్టారు, వారానికొక పాఠం వాళ్లనే రాయమన్నారు, కొత్తవారి ప్రశ్నలకు వాళ్లలో వాళ్లే బదులిచ్చుకోవడం అలవాటయ్యాక వేరుగా తెరుద్దామన్నారు. అచ్చుల పాఠాలు అయ్యాయి. కవర్గం దగ్గర చర్చ నడుస్తోంది: నాలుగు అక్షరాలూ ఒకేసారి చూపించాలని ఒకరు, క, గ ముందు నేర్పి ఒత్తక్షరాలు తర్వాత చెప్పాలని మరొకరు అంటున్నారు. ఇద్దరూ తమ పిల్లలతో చేయించి చూసి నోటుపుస్తకాల ఫొటోలు పెడుతున్నారు. పంతులమ్మగారు రాత్రి దాకా ఆగుతున్నారు.